లైను చివర మనిషి

మా మేడమ్ పోయారని మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. అప్పుడు నేను కొండపల్లి సెంటర్లో ఒకాయనకి రక్తం తీస్తున్నాను. నా చేయి వణికితే నొప్పి ఆయనకి. సూది తీసి దూది అద్దేదాకా ఏడవలేదు.

ఆవిడ మా రక్తపరీక్షల సెంటర్లకి సూపర్‌వైజర్. విజయవాడలో పటమటతో కలిపి మూడు, కొండపల్లిలో ఒకటి. రక్తం తీసేవాళ్ళం ఆరుగురం. పటమటలో ఆరింటికే లైను ఉండేది. కొండపల్లిలో పల్లెల బస్సులు వచ్చాకే మొదలయ్యేది. పటమటలో పలచబడగానే ఒకరిద్దరిని కొండపల్లి పంపేవారు. ఎప్పుడు ఎవరు కదలాలో, కౌంటర్లో ఉన్నవాళ్ళని ఫోన్లో అడిగి చెప్పేవారు. ఇది ఆఫీసుకి గిట్టేది కాదు. ఎవరి సీట్లో వాళ్ళుంటే హాజరు చూసుకోవడం సులువు. సులువు ఎవరికని మాత్రం వాళ్ళెప్పుడూ అడగలేదు.

ఒకసారి తప్పు చేసింది నేను. కొండపల్లి నుంచి, పర్లేదు, జనం తక్కువేనని చెప్పాను. కౌంటర్ వెనక కూర్చున్న నాకు గుమ్మం దాకానే కనపడింది. నా మాట మీద ఆవిడ ఎవరినీ పంపలేదు. లైను మెట్లు దిగి రోడ్డు మీదికి పోయిందని, పరగడుపున వచ్చిన షుగరున్న పెద్దాయన ఒకరు అక్కడ కళ్ళు తిరిగి పడ్డాకగానీ తెలియలేదు. ఆయన తేరుకున్నారు. ఆఫీసు సంజాయిషీ అడిగితే, మనిషిని పంపనిది తానేనని ఆవిడ రాసిచ్చారు. నా పేరు ఎత్తలేదు. నన్ను మాత్రం బయటికి తీసుకెళ్ళి అందరి వెనకా నిలబెట్టారు.

"కుర్చీలోంచి లైను కనపడదమ్మాయ్. చివర నిలబడితే తెలుస్తుంది."

అప్పటి నుంచి రోజుకో సెంటర్లో ఆవిడే చివర నిలబడి ఫోన్లు చేసేవారు. మీలో ఎవరైనా చూసే ఉంటారు, చేతిసంచీ, గొడుగూ ఉన్న పేషెంటు అనుకుని ఉంటారు. మోకాళ్ళ నొప్పి కదా, కూర్చోండంటే, ముందున్నాయన కూర్చున్నాడా అనేవారు.

పెద్దకర్మ కాకముందే, ఆవిడ పని నాకప్పగిస్తూ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అందులోనే, ఇకమీదట ఎవరి సెంటర్లో వాళ్ళే ఉండాలని, కదిలిస్తే నా మీద చర్య తీసుకుంటామని ఉంది. తీసుకోండి. నా పేరే రాసుకోండి. ఈసారి దాన్ని దాచడానికి ఆవిడ లేరు, నాకు దాచుకోవాలనీ లేదు.

ఈ పొద్దున కొండపల్లిలో లైను రోడ్డెక్కింది. వెళ్ళి చివర నిలబడి, పటమటకి ఫోన్ చేసి ఒకరిని బయల్దేరమన్నాను. ఫోన్ సంచీలో పెడుతుంటే ఒక పెద్దావిడ వచ్చి నా వెనక ఆగింది.

"చివర మీరేనా అండీ?"

"నేనేనండీ" అన్నాను.