చెప్పులు విడిచి ఆడిన క్రికెట్

"ఈ తూరి ఆడ కొర్రలు ఆరబోయాకు."

"పోయనులే, పండుకోవయ్యా."

ఆసుపత్రిలో మా ఆయనా నేనూ చివరగా అనుకున్న మాటలివే. (నేను చెప్తుంటే మనవరాలు రాస్తోంది. నాకు వచ్చింది సంతకం వరకే.)

పెళ్లయి కర్నూలుకు వచ్చిన ఆ రోజుల్లో నా కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. ఓర్వకల్లు గుట్టల్లో తిరిగిన దాన్ని ఒంటిగది ఇంట్లో పెడితే ఏం చేస్తాను? తోమిన గిన్నెలే మళ్లీ తోమేదాన్ని. మా ఆయన మాత్రం తెల్లారకముందే పోయి, ఒళ్లంతా దుమ్ముతో వచ్చేవాడు. "యాడికి పోతాండావు?" అంటే "ఈడికే" అనేవాడు. ఊరి చివర, కర్నూలు నుంచి రాజధాని పోయాక ఆఫీసుల గుడారాలు ఎత్తేసిన జాగాలో, మేకులు పీకి, రాళ్లు ఏరి, జతగాళ్లతో కలిసి క్రికెట్ ఆటకు నేల చదును చేస్తున్నాడని నాకేం తెలుసు?

ఒక ఆదివారం ఆయన రైలు స్టేషనుకు పోయాడు. ఉండబట్టలేక, ఆయన రోజూ పోయే దోవ పట్టుకుని నేను ఆ జాగాకు పోయాను. నడిమధ్యన, నీళ్లు చల్లి, రాతిగుండు దొర్లించి, గులకరాయి లేకుండా చేసిన నేల. పుట్టింటి నుంచి తెచ్చిన కొర్ర వెన్నులు నూర్చడానికి ఈ పట్నంలో కళ్లం లేదని ఆయన్ని రోజూ సాధిస్తూ ఉన్నానా, నోరు విప్పకుండా నాకు కళ్లం చేసిపెట్టాడనుకున్నాను. (కాస్త పొడుగ్గా, ఇరుగ్గా ఉంది. పట్నంలో కళ్లాలు ఇట్లే ఉంటాయి కాబోలనుకున్నాను.) పరుగున మూట తెచ్చి, పేడనీళ్లతో అలికి, ఎండకు ఆరగానే వెన్నులు పరిచి కట్టెతో కొడుతున్నాను.

అప్పుడొచ్చారు రైలు దిగిన, బూట్లేసుకున్న కడప జట్టు, మునిసిపాలిటీ పెద్దాయన, వెనకాల మా ఆయన, ఆయన జతగాళ్లు. ఆట చూసి నచ్చితే జాగా ఆటకు వదిలేస్తానని, లేదంటే గొర్రెల సంతకు ఇస్తానని పెద్దాయన చెప్పి ఉన్నాడట.

"ఏమ్మే ఇది?" అన్నాడు మా ఆయన.

"కళ్లం."

"కళ్లమని నీకెవురు చెప్పినారే?"

"సూస్తే తెలీదా?"

పెద్దాయన అంచుదాకా వచ్చి చెప్పులు విడిచాడు. గుప్పెడు కొర్రలు తీసి, పొట్టు ఊది, నోట్లో వేసుకున్నాడు. "గింజ శానా బాగుండాదమ్మా," అని జట్ల వైపు తిరిగాడు. "గింజ పడిన కళ్లంలోకి బూట్లతో యాడొస్తారప్పా? అందరూ ఇడిచి ఆడండి."

"ఏం ఊరప్పా ఇది," అని గొణుగుతూనే కడపోళ్లు విడిచారు. నేను గింజలు ఊడ్చుకున్నాక ఆట మొదలైంది. చుట్టూ పల్లేరుకాయలు. మావాళ్లకు బూట్లు ఏనాడూ లేవు. కడపోళ్లేమో బంతి వెనకాల రెండడుగులు వేసి, ఒంటికాలి మీద నిలబడి ముల్లు పీక్కునేవారు. మావాళ్లే గెలిచారు. పెద్దాయన పోతూ పోతూ, "కళ్లాన్ని గొర్రెలకు ఎట్లిస్తామప్పా," అన్నాడు.

మా ఆయన నా కోసం ఆగకుండా ముందు నడిచాడు. కొర్రల మూట మాత్రం తనే ఎత్తుకున్నాడు. "నా కోసమే చేసినావనుకుంటి," అన్నాను వెనకనుంచి. "నడువు నడువు," అన్నాడు.

తర్వాత దాని చుట్టూ చెట్లు, కంచె, సిమెంటు బెంచీలు వచ్చి పార్కయింది. ఇప్పటికీ ఇంట్లో కూర్చోలేక సాయంత్రం పోతాను, గేటు దగ్గర చెప్పులు విడిచి. "గాజు పెంకులుంటాయవ్వా, ఏసుకో," అంటాడు కాపలాదారు. నడుమ ఆ చదును నేల చూస్తే నా చేతులు ఊరుకోవు. కొర్రలు పోయనని మాటిచ్చాను కదా, వట్టి చేతులతోనే ఒక చుట్టు తిరిగి వస్తాను.

రాసినావా పాపా? ఏదీ, మొదట్నించి చదువు. మీ తాత మాట కొంచెం గట్టిగా చదువు.