ముత్యాలప్ప నోరు విప్పిన రోజు

ముత్యాలప్పది గుమ్మఘట్ట. ఒక ప్రభుత్వ యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో పంతొమ్మిదేళ్లు కాంట్రాక్టు అటెండరుగా పనిచేశాడు. అక్కడ ఫ్యాను చెడిపోతే అర్జీ మీద అర్జీ పెట్టాలి, ఆర్నెల్లకు బాగయ్యేది. కానీ టీ వేళకు ప్రొఫెసర్ పెద్దన్న, పరిశోధక విద్యార్థులు, ముత్యాలప్ప ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. పదో తరగతి తప్పిన ముత్యాలప్పకు ఏ సీసాలో ఏముందో, దేన్ని దేంట్లో కలిపితే ప్రమాదమో పెద్దన్న అక్కడే నేర్పించాడు.

కాంట్రాక్టు ముగిశాక బత్తలపల్లె దారిలో కొత్తగా కట్టిన ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చేరాడు. అక్కడ పొద్దున చెడిన కుళాయి సాయంత్రానికి మారిపోయేది. అయితే అటెండర్లు విద్యార్థులతో మాట్లాడకూడదని నియమం. గాజుసామాను కడిగి పెట్టి, గోడ పక్కన నిలబడాలి. రెండేళ్లు అలాగే నిలబడ్డాడు.

ఒకరోజు మొదటి సంవత్సరం చదివే పద్మప్రియ, సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉన్న బీకరులో నీళ్లు పోయబోయింది. లెక్చరరేమో ల్యాబుకు ఆ చివర ఉన్నాడు.

“ఆగు పాపా. నీళ్లల్లోకే యాసిడ్ పొయ్యల్ల. ఇట్ల పోస్తే మొగం మీదికి చిందుతాది” అంటూ ముత్యాలప్ప ఆమె చేతిలోని నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

నియమం తప్పాడని సూపర్‌వైజర్ సాయంత్రమే మెమో ఇచ్చాడు. మర్నాడు డైరెక్టర్ హేమ పిలిపించింది. ఉద్యోగం పోయినట్టేననుకుని, మెడలోని ఐడీ కార్డు తీసి చేత పట్టుకుని వెళ్లాడు.

“కూర్చోన్నా” అందామె. “ఆ పాప అంతా చెప్పింది. ఇదంతా నీకు యాడ నేర్పినారు?”

“గవర్నమెంటు యూనివర్సిటీలో పెద్దన్న సారు, మేడం. పక్కన కూర్చోబెట్టుకోని చెప్తాండె.”

ఆమె మెమో కాగితం ముందుకు లాక్కుంది. “ఈడ అట్ల కూర్చోబెట్టుకునే అలవాటు లేకపాయ. తప్పు మాదే” అని దాన్ని రద్దు చేసి సంతకం పెట్టింది. “సోమవారం కొత్త బ్యాచి వస్తాది. మొదటిరోజు ఈ జాగ్రత్తలన్నీ నువ్వే చెప్పల్లన్నా.”

ముత్యాలప్ప కార్డు మళ్లీ మెడలో వేసుకున్నాడు. చేతులు జోడించి బయటికొచ్చాడు.

ఆదివారం బస్సెక్కి, రిటైరై కుందుర్పిలో ఉంటున్న పెద్దన్న ఇంటికి వెళ్లాడు. జరిగింది చెప్పి, “మీరు నేర్పిన ఇద్దె సారూ, ఒక పాపను కాపాడింది” అన్నాడు.

“నేనేం చేసినానప్పా, టీ తాగుతా మాట్లాడుకున్యాం” అన్నాడు పెద్దన్న. కళ్లద్దాలు తుడుచుకుని కాగితం తీశాడు. సోమవారం పిల్లలకు చెప్పాల్సిన మాటలు ఇద్దరూ మధ్యాహ్నం దాకా కూర్చుని రాసుకున్నారు.