నాయనమ్మ మెటికల లెక్క

మా చిన్నతనంలో, అరవైల చివర, సూర్యాపేట ఇంట్లో రోజూ పొద్దున్నే ఒకే తంతు... జడ అల్లడం పూర్తికాగానే నాయనమ్మ నా గడ్డం పట్టుకుని ముఖాన్ని తనవైపు తిప్పుకునేది. రెండు చేతులతో చెంపలు నిమిరి, ఆ వేళ్ళను తన కణతలకు ఆనించి, మెటికలు విరవబోయేది. దిష్టి పోవాలని.

ఎన్ని మెటికలు విరిగితే అంత దిష్టి తగిలినట్టు. అంత దిష్టి తగిలిందంటే పిల్ల అంత ముద్దుగా ఉన్నట్టు. అంత ముద్దుగా నాయనమ్మ కంటికి కనబడిందంటే, అంత ప్రేమ ఉన్నట్టు. ఈ సిద్ధాంతాన్ని ఎనిమిదేళ్ళ వయసులో నేనే ప్రతిపాదించి, నేనే ఏకగ్రీవంగా ఆమోదించాను.

నా విషయంలో నమోదైన చప్పుళ్ళు... సున్నా. ఎండాకాలంలో ఎప్పుడైనా ఒకటి.

శారదకు పది.

శారద మా చిన్నాయన బిడ్డ. నా ఈడుదే. చదువు కోసం కోదాడ నుంచి వచ్చి మా ఇంట్లో ఉండేది. నా బడి పొద్దున పూట, ఆమె బడి మధ్యాహ్నం పూట. కనుక నాకు తెల్లవారుతూనే జడ, ఆమెకు అన్నం తిన్నాక జడ. ఆమె జడ సాయంత్రం దాకా మోకులా బిగిసి ఉండేది. నాది బడిలో రెండో పాఠానికే విడిపోయేది. ఇది రెండో సాక్ష్యం.

నేను బడి నుంచి వచ్చి అన్నం ముందు కూర్చునే వేళకు సరిగ్గా ఆమె దిష్టి కార్యక్రమం మొదలయ్యేది. టప్... టప్... టప్... ఒక్కొక్క చప్పుడుకూ ఒక్కొక్క ముద్ద నా చేతిలోనే ఆగేది.

"నాకివాళ కూడా పదొచ్చినయ్. నీకెన్నొచ్చినయ్?" అని శారద తీరిగ్గా అడిగేది.

ఆ రోజుల్లో ఆమె రిబ్బన్లు రెండుసార్లు మాయమయ్యాయి. వెదకడంలో నేను కూడా పూర్తి సహకారం అందించాను.

నాయనమ్మ వేలి కణుపులు ఉబ్బి ఉన్నాయని ఇంట్లో అందరికీ తెలుసు. కారణం విషయంలోనే ఏకాభిప్రాయం కుదరలేదు. ఏళ్ళ తరబడి ఇసుర్రాయి తిప్పడం వల్ల అని అమ్మ. చన్నీళ్ళలో చేతులు నానడం వల్ల అని బాపు. చామగడ్డ పులుసు వల్ల అని పక్కింటావిడ. ఎవరి కారణానికి తగిన వైద్యం వారు చేసేవారు... వావిలాకు మరిగించిన నీళ్ళు, ఉప్పు మూటతో కాపడం, ఆముదం రాసి వెచ్చజేసిన జిల్లేడాకు కట్టు. ఇదంతా నేను బడిలో ఉండగా జరిగేది. దానికీ నా సున్నాకూ సంబంధం ఉండవచ్చునన్న కోణంలో నేను ఆలోచించలేదు.

ఒక పొద్దున ఉండబట్టలేక అనేశాను, నీకు శారదంటేనే ఇష్టమని. నాయనమ్మ తన వేళ్ళ వంక చూసుకుంది, అవి ఎవరివో అన్నట్టు.

కాపడాలకు వాపు లొంగకపోయేసరికి, బాపు ఆమెను బస్సులో మిర్యాలగూడలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. బడికి సెలవు కావడంతో నేనూ వెంటబడ్డాను. శారదను తీసుకుపోలేదు. ప్రయాణంలో నాకు బాగా నచ్చిన అంశం అదే.

డాక్టరు కణుపులు ఒక్కొక్కటే ఒత్తి చూసి, నొప్పి ఎప్పుడెక్కువ అని అడిగాడు.

"పొద్దుగాల సారూ. ఎండ అరుగు మీదికొచ్చేదాక గీ ఏళ్లు ముడుసుకోవు," అంది నాయనమ్మ. నావైపు చూపిస్తూ, "గీ పొల్ల పొద్దుగాలనే బడికి పోతది. జడేస్తుంటే ఏళ్లు నా మాట ఇనయి. మెటికలు ఇరుస్తనంటే ఒక్కటి పలకది. గిదేమో దీని మీద నాకు పానం లేదనుకుంటది. జర పొద్దుగాలకు పనిచేసే మందియ్యి," అంది.

ఇది కీళ్ళవాతమనీ, రాత్రంతా కదలక కణుపులు బిగుసుకుంటాయనీ, వెచ్చదనం తగిలి కాస్త పని చేశాక సడలుతాయనీ డాక్టరు చెప్పాడు. లేవగానే గోరువెచ్చని నీళ్ళలో చేతులుంచి మెల్లగా ముడిచి తెరవాలి. మాత్రలు అన్నం తిన్నాకే మింగాలి. వాపు ఉన్నన్నాళ్ళు వేళ్ళను బలవంతంగా లాగకూడదు, మెటికలు అసలే విరవకూడదు.

అంటే ఇన్నాళ్ళూ శారదకు దక్కింది నాకంటే ఎక్కువ ప్రేమ కాదు... నాకంటే ఎక్కువ ఎండ.

నేను సంతోషించవలసింది. కానీ మెటికలే రద్దయ్యాయి కదా! శారద పది పదిగానే, నా సున్నా సున్నాగానే శాశ్వతమైపోతాయన్న బెంగ బస్సులో సూర్యాపేట దాకా నా పక్కనే కూర్చుంది.

మర్నాడు నాయనమ్మ నాకంటే ముందే లేచి వేడినీళ్ళలో చేతులు ముంచుకు కూర్చుంది. జడ వేసింది. వదులుగానే కుదిరింది. నా చెంపలు నిమిరి, వేళ్ళను కణతలకు ఊరికే ఆనించింది.

టక్... టక్... టక్...

లెక్కపెట్టాను. పదకొండు!

నాయనమ్మ వేళ్ళు కదలనే లేదు. ఆమె చెంప లోపల నాలుక కదిలింది. మనిషికి వేళ్ళు పది అని మా బడిలో అప్పటికే బోధించి ఉన్నారు. అయినా నేను విచారణకు ఆదేశించలేదు.

మధ్యాహ్నం సంగతి విన్న శారద ముఖం నల్లబడింది. పదకొండెట్లొస్తాయని నేరుగా నాయనమ్మనే నిలదీసింది.

"అచ్చినయి బిడ్డా. నేనే ఇన్న," అంది నాయనమ్మ, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

ఇప్పుడు నా వేలి కణుపులు కూడా అలాగే ఉబ్బాయి. రక్తపరీక్షలన్నీ అయ్యాక మా డాక్టరమ్మ చెప్పింది కూడా ఆ గోరువెచ్చని నీళ్ళ సంగతే. శారద వేళ్ళు మాత్రం ఈ వయసులోనూ నిటారుగా ఉన్నాయి. ఆమె తన మనవరాలికి మెటికలు విరుస్తున్న చప్పుడు ఫోనులో స్పష్టంగా వినబడుతుంది. ఫోను కావాలనే దగ్గర పెట్టుకుంటుందని నా అనుమానం.

ఈ కాలంలో పిల్లల ఫొటో పెట్టి పక్కన ఒక నీలికన్ను బొమ్మ అంటిస్తే దిష్టి పోయినట్టే... దానికి నొప్పి లేదు, చప్పుడూ లేదు.

మీ ఇంట్లో మెటికలు ఎవరు విరిచేవారో, ఎన్ని విరిగేవో కింద రాయండి. పది దాకా ఎన్నయినా చదివి ఓర్చుకుంటాను. నా మనవరాలికి కూడా రోజూ నాలుకతో పదే ఇస్తున్నాను.

పదకొండోది నాది.