చెంబులో నీళ్ళు తొణకకుండా కొల్లేటి నుంచి ఏలూరు దాకా

ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు కనుక ఆ నెలల్లో కొల్లేటి లంకల నుంచి ఏలూరు రావలసినవారికి పడవ దారి ఉండదు. ఎడ్లబండి ఒక్కటే గతి. ఆ బండి మీదే రెండేళ్ళ కిందట నా మనవరాలు సుగుణ ఆరో నెల కడుపు పోగొట్టుకుంది. ఇనపపట్టా చక్రాలు కంకర రోడ్డు మీద కుదిపిన కుదుపుకి దారిలోనే నొప్పులు వచ్చాయి. ఇప్పుడు మళ్ళీ ఎనిమిదో నెల. కాన్పయ్యేదాకా పిల్ల తన కళ్ళెదుటే ఉండాలనీ, తీసుకువచ్చేటప్పుడు కుదుపు తగలకూడదనీ ఏలూరు ఆస్పత్రి డాక్టరమ్మ కబురు చేసింది. టాక్సీ వాళ్ళు కొల్లేటి మెత్తనేల పేరు చెప్పగానే రామన్నారు. సుగుణ తల్లి లేని పిల్ల. పెంచినదాన్ని నేనే, తీసుకురావలసినదాన్నీ నేనే.

మా చెల్లెలి కొడుకు ప్రకాశం తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లులో ఇంజను చూస్తాడు. మిల్లు యజమానిగారు పక్కన మనిషి కూర్చునే తొట్టి ఉన్న తమ సైడుకారు మోటారు సైకిలు ఒక రోజుకు ఇచ్చారు. బాడుగ మాట ఎత్తితే నొచ్చుకున్నారు. తెల్లవారుజామున ఐదింటికి ప్రకాశం పెంటపాడులో మా ఇంటికి వచ్చి, మూడు టైర్లకూ గట్టిగా గాలి పట్టించాడు. రోడ్డంతా ఎడ్ల నాడాల మేకులనీ, టైరు గట్టిగా ఉంటే పంక్చర్లు తక్కువనీ అతని లెక్క. గేజి పెట్టి చూస్తే సైడుకారు చక్రంలో ఇరవైరెండు పౌండ్లు ఉంది. నేను ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పోసి, ఒళ్ళో పెట్టుకుని సైడుకారులో కూర్చున్నాను.

"దాహానికా పెద్దమ్మా? దారిలో నూతులున్నాయండీ" అన్నాడు.

"దాహానికి కాదు. ఈ చెంబే సుగుణ అనుకో. ఇది తొణికితే నువ్వు ఆగాలి."

ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. కంటికి కనిపించేలా చూపిస్తే తప్ప ఎవరికీ ఏదీ నమ్మకం కుదరదని నాకు తెలుసు. తాడేపల్లిగూడెం దాటి ట్రంకు రోడ్డెక్కిన కాసేపటికే, ప్రకాశం ఆగి ఆగి నడిపినా, చీర మోకాళ్ళ దాకా తడిసింది. భీమడోలులో కాఫీ హోటలు ముందు దిగాను. ఇద్దరికీ ఇడ్లీ, కాఫీ కలిపి మూడణాలు. నా అవతారం చూసి హోటలాయన, "ఏవండీ, కాలవ కట్టేశారని చెంబుతో మోసుకెళ్తున్నారా?" అన్నాడు. నవ్వుతూనే ఖాళీ అయిన చెంబును మళ్ళీ నింపి ఇచ్చాడు.

అక్కడి నుంచి మా పరీక్ష మొదలైంది. ప్రకాశం సైడుకారు టైరులో కొంచెం కొంచెంగా గాలి తీస్తూ, మైలు మైలుకూ ఆగి చూశాడు. పద్ధెనిమిది దగ్గర నీళ్ళు అంచుదాకా లేచి వెనక్కి పడ్డాయి. పద్నాలుగుకి దించితే చక్రం ఇనుము రాయికి తగిలి ఖణేల్‌మంది. పదహారు దగ్గర చెంబులో నీళ్ళు ఊగాయే కాని తొణకలేదు. సుగుణ బరువు ఇంచుమించు నా బరువే కనుక ఆ అంకె ఖాయం చేసుకున్నాం.

తొమ్మిదిన్నరకు ఏలూరు చేరాం. పెట్రోలుకు రానూపోనూ మూడు రూపాయలయింది. ఏలూరు నుంచి దక్షిణంగా పది మైళ్ళు పోతే రోడ్డు అయిపోతుంది. ఆపైన రెండు మైళ్ళు ఎండిన సరస్సు నేల, పశువులు కొరికేసిన గడ్డి, మధ్యలో బండ్ల జాడ. కంకర మీద కంటే అక్కడే హాయిగా సాగింది.

సుగుణ అత్తగారు రాహేలమ్మ మా కోసం వాకిట్లోనే నిలబడి ఉంది. కాన్పుకు వెళ్ళే కోడలి వెంట అత్తింటి బియ్యం వెళ్ళాలన్నది ఆ లంకల్లో ఆచారం. అది తెలిసే, సైడుకారులో పిల్ల తప్ప గింజ కూడా ఎక్కకూడదని, గాలి ఆమె బరువుకే సరిచూశామని ముందే గట్టిగా చెప్పాను. "మీరు చెప్పినట్టేనండీ" అంటూ ఆవిడ లోపలికి వెళ్ళింది. అంత మెత్తగా ఒప్పుకున్నందుకు నేను సంతోషించాను.

ఎండ తగ్గాక మూడున్నరకు బయలుదేరాం. సుగుణ సైడుకారులో చెంబుతో కూర్చుంది. నేను ప్రకాశం వెనక సీటెక్కాను కనుక వెనక టైరుకు ఇంకొంత గాలి పట్టించాం. ఊరి ఆడవాళ్ళు నన్ను చూసి నోటికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు. పెట్టుకోనీ అనుకున్నాను.

సరస్సు నేల మీద చుక్క ఒలకలేదు. కంకర రోడ్డెక్కగానే నీళ్ళు ఎగిరిపడ్డాయి. సుగుణ చెంబు మీది చెయ్యి తీసి పొట్టమీద వేసుకుంది. పెదవి కొరుక్కుంటోంది. బండి ఆపించాను. ప్రకాశం గేజి పెట్టాడు. పదహారే ఉంది, టైరు మాత్రం బాగా నొక్కుకుపోయింది.

"గాలి పోలేదు పెద్దమ్మా. బరువు పెరిగింది."

ఇద్దరం సుగుణ వైపు చూశాం.

"సీటు కింద బియ్యం ఉన్నాయి అమ్మమ్మా. రెండు మణుగులు. ఎండుచేపలు కూడా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే దింపించేస్తారు కదండీ. పోయినసారి నన్ను వట్టి చేతులతో పంపింది. అందుకే అలా అయిందని అత్తయ్య రెండేళ్ళుగా కుమిలిపోతోంది."

దింపెయ్యమని చెప్పడానికే నోరు తెరిచాను. కాని ఆ మూట ఎవరికి బరువో అప్పటికి అర్థమైంది. "పంపు తియ్యరా ప్రకాశం" అన్నాను. బరువు పెరిగితే గాలీ పెరగాలి. ఇరవై పౌండ్లు పట్టించాక టైరు పొద్దుటిలాగే కొద్దిగా మాత్రం నొక్కుకుంది. పావుమైలు మెల్లగా నడిపి చూశాం. చెంబులో నీళ్ళు నిలకడగా ఉన్నాయి. సుగుణ ముఖం తేటపడింది.

దీపాలు పెట్టే వేళకు ఆస్పత్రి చేరాం. డాక్టరమ్మ పొట్టమీద గొట్టం ఆనించి చాలాసేపు విని, "తల్లిదీ బిడ్డదీ రెండు గుండెలూ బాగా కొట్టుకుంటున్నాయండీ" అంది. ప్రకాశం సుగుణ చేతిలోని చెంబు తీసుకుని ఆ నీళ్ళు గటగటా తాగేశాడు. మూడు వారాలకు ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి వరండాలో పొయ్యి పెట్టి, బాలింతకు మొదటి పథ్యం రాహేలమ్మ పంపిన బియ్యంతోనే వండాను. బండి ఇచ్చిన మిల్లు యజమానిగారికి, నా చాదస్తాన్ని భరించిన ప్రకాశానికి, చెంబు నింపిన హోటలాయనకు రోజూ ప్రార్థనలో కృతజ్ఞత చెప్పుకుంటున్నాను. నా మాట వినని రాహేలమ్మకు అందరికంటే ముందు చెప్పుకుంటున్నాను.

ఇలా గర్భిణులనో, రోగులనో సైడుకారులో తీసుకువెళ్ళేవారికి ఒక్క మాట. టైరు చల్లగా ఉన్నప్పుడే, మనుషులూ సామానూ అంతా ఎక్కాకే గాలి సరిచూడండి. దానికంటే ముందు సీటు కింద ఏముందో అడగండి. కోప్పడకుండా అడిగితే చెబుతారు.