కోర్టు లేచేవరకు

ఆ రోజు కోర్టు మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి లేచింది. మామూలుగా సాయంత్రం దాకా నడుస్తుంది. పొద్దున ఎవరో పెద్ద వకీలు చనిపోయాడని కబురు రావడంతో బార్ వాళ్ళు సంతాపం పెట్టుకున్నారు, మధ్యాహ్నం పని లేదన్నారు. మేజిస్ట్రేటు లేచారు. మేమంతా లేచి నిలబడ్డాం. ఆయన లోపలికి వెళ్ళిపోయారు. దాంతో నా తమ్ముడి మీద అఘాయిత్యం చేసిన ఇద్దరి జైలు శిక్ష పూర్తయింది.

చట్టంలో అలాంటి శిక్ష ఒకటి ఉంది. కోర్టు లేచేవరకు ఖైదు అంటారు. ముద్దాయి ఆ గదిలోనే వెనక బల్ల మీద కూర్చోవాలి. కోర్టు ముగియగానే ఇంటికి పోవచ్చు. వీళ్ళకి తీర్పు చెప్పింది పదకొండూ ముప్ఫై అయిదుకి. పైన కొంత జరిమానా. అంటే నలభై అయిదు నిమిషాలు కూర్చున్నారు. మధ్యలో ఒకడు ఫోను తీస్తే జవాను కసిరాడు. వాళ్ళు పడ్డ కష్టం అదొక్కటే.

వరండాలోకి వచ్చాక వాళ్ళలో ఒకడు తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏటీ అనుకోకు బావా. అయిపోనాది కదా. టీ తాగుదాం రా."

"వద్దులే" అన్నాడు తమ్ముడు. ఆ మనిషికి కూడా మర్యాదగానే చెప్పాడు.

తమ్ముడు ఆటోనగర్‌లో ఒక షెడ్డులో లేతు మిషను మీద పనిచేసేవాడు. నేను ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. అమ్మానాన్నా పోయాక గాజువాకలో ఇద్దరమే ఉండేవాళ్ళం. మావైపు అక్కని అప్ప అంటారు, నన్ను అలాగే పిలిచేవాడు. లేతు మీద పనిచేసేవాళ్ళ బట్టలకి ఇనప రజను అంటుకుంటుంది. షిఫ్టు అయ్యాక కంప్రెసరు పైపుతో గాలి కొట్టుకుని దులుపుకుంటారు. అన్ని షెడ్లలోనూ ఉన్న అలవాటే. ఆ పైపుతో ఒకరినొకరు బెదిరించుకోవడం కూడా అలవాటేనట. అది నాకు ఆసుపత్రిలో తెలిసింది.

జరిగింది చెప్తాను. షిఫ్టు అయ్యాక ఒకడు తమ్ముడి చేతులు వెనక్కి విరిచి బల్ల మీద బోర్లా అదిమాడు. రెండోవాడు ప్యాంటు ఊడదీసి, పైపు మూతి లోపలికి పెట్టి వాల్వు తిప్పాడు. పేగు చిరిగింది. ఆపరేషను చేసి, మలం పోవడానికి పొట్టకి సంచి పెట్టారు. ఏడు నెలలు ఆ సంచితో ఉన్నాడు. అప్పటికి అతనికి ముప్ఫై ఆరేళ్ళు.

ఆసుపత్రి మంచం మీద నాకు ఇవన్నీ చెప్పాడు. ఇంకోటి కూడా చెప్పాడు.

"రెండు నెల్ల బట్టీ సేతులేత్తన్నారప్పా. బట్టలు మార్సుకున్న కాడికొచ్చి ఎక్కడపడితే అక్కడ సెయ్యేసీవోరు. వద్దంటే నవ్వీవోరు. పెళ్ళి కానోడివి, నీకేటి తెలుసు, మేం నేర్పుతాం అనీవోరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏటని సెప్పమంటావు? నువ్వు అప్పవి."

ఫిర్యాదు నేనే రాశాను. మా వీధిలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా నేనే రాస్తాను, పింఛను దగ్గర్నుంచి కరెంటు మీటరు దాకా. బాగా రాస్తానని పేరు. తమ్ముడు చెప్పినదాన్ని చదవదగ్గ తెలుగులో పెట్టాను. "నా పట్ల అసభ్యంగా ప్రవర్తించి, యంత్ర పరికరంతో తీవ్రంగా గాయపరిచినారు" అని రాశాను. బట్టలు మార్చుకునే చోటి సంగతి వదిలేశాను. అదంతా ఎస్సై ముందు ఎందుకు, తమ్ముడి పరువు పోతుందనుకున్నాను. ప్యాంటు ఊడదీయడం అన్న మాట కూడా వదిలేశాను. రాశాక రెండుసార్లు చదువుకుని, బాగుందనుకున్నాను.

స్టేషనులో ఎస్సై దాన్ని పైపైన చదివి, మంచం మీదున్న మనిషి గురించి నన్ను అడిగాడు.

"అమ్మా, మీ తమ్ముడు మగోడే కదా? ఇద్దరు పట్టుకుంటే ఒక్క తన్ను తన్నలేకపోనాడా?"

"ఒకడు చేతులు పట్టుకున్నాడండి."

"పట్టుకుంటే? సరదాకి సేసుంటారమ్మా. పనోళ్ళు కదా, ఆళ్ళ సరదాలు అలాగే ఉంటాయి. పైపు జారిపోయుంటాది."

సరదా అన్న మాట మొదట అక్కడ విన్నాను. తర్వాత షెడ్డు యజమాని అన్నాడు. ముద్దాయిల వకీలు అన్నాడు. మా పెదనాన్న కొడుకు, నేను అన్నయ్యా అని పిలిచే మనిషి, ఆసుపత్రి వరండాలోనే అన్నాడు. పోర్టులో క్లర్కుగా రిటైరయిన ఆయన, పళ్ళు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. సంగతి విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వు ఆపుకుంటున్నాడు.

"గాలెక్కించేసినారేటి! టైరనుకున్నారేటి చెల్లెమ్మా, ఈడ్ని?"

పళ్ళు తీసుకున్నాను.

కేసు పెట్టిన సెక్షన్లు చూశాను. యంత్రాల విషయంలో అజాగ్రత్త. అజాగ్రత్త వల్ల గాయం కావడం. ఫ్యాను రెక్క ఊడి పడినా అవే సెక్షన్లట. మద్దిలపాలెంలో ఆడవాళ్ళ కేసులు చూసే ఒక లాయరమ్మ ఉందంటే వెళ్ళాను. నా వయసే ఉంటుంది. గది నిండా ఫైళ్ళు, బయట బెంచీ మీద ముగ్గురు ఆడవాళ్ళు. ఫిర్యాదు నకలు చదివింది.

"ఇది రాసిందెవరు?"

"నేనే."

"భాష బాగుంది. ఏం జరిగిందో మాత్రం ఇందులో లేదు."

నేను నోటితో చెప్పాను, తమ్ముడు చెప్పినట్టే. ఆమె పెన్ను కింద పెట్టి విన్నది. నవ్వనిది ఆమె ఒక్కతే.

"ఇదే ఒక అమ్మాయికి జరిగితే రేప్ కేసు అయ్యేది. పెట్టింది పైపే అయినా సరే. పెద్దవాడైన మగవాడికి ఆ సెక్షను వర్తించదు. వెనకటి చట్టంలో ఇంకోటి ఉండేది, దాని కింద పట్టుకోవడానికి కొంత వీలుండేది. కొత్త చట్టంలో అదీ ఎత్తేశారు."

"మరి అందరికీ ఒకే సెక్షను పెట్టొచ్చు కదా?"

"బయట కూర్చున్నవాళ్ళని చూశారా? ఆడా మగా తేడా లేకుండా చేస్తే మర్నాడే వాళ్ళమీద ఎదురు కేసులు పడతాయి. వాళ్ళ సెక్షను ముట్టుకోకుండా మీ తమ్ముడిలాంటివాళ్ళకి వేరేది పెట్టమని నేను అడుగుతాను. అడుగుతూనే ఉన్నాం. కానీ మీరు ఇంకో విషయం వినండి. కావాలనే చేశారనీ, ముందు నుంచే వేధిస్తున్నారనీ రాసుంటే, ఉన్న చట్టంలోనే ఏళ్ళ తరబడి జైలు పడే సెక్షను పెట్టక తప్పేది కాదు. అసభ్యంగా ప్రవర్తించారు అంటే ఎస్సైకి ఏం అర్థం కావాలి? బూతులు తిట్టారనుకుంటాడు."

మళ్ళీ వాంగ్మూలం ఇవ్వొచ్చంది. ఇంటికి వచ్చి తమ్ముడిని అడిగాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఒకసారి సెప్పినాను కదప్పా. నువ్వు రాయనేదు. మళ్ళీ సెప్పనేను."

చట్టాన్ని తిట్టడం నాకు చేతనవును. ఎస్సైని తిట్టడం ఇంకా సులువు. కానీ ఆ కాగితం మీద ఉన్నది నా దస్తూరి. పుస్తకాల మధ్య ఇరవై రెండేళ్ళు బతికిన మనిషిని, నాకు తెలిసిన మాటలన్నీ ఒక పని చేశాయి. వాళ్ళు చేసినదాన్ని కప్పిపెట్టాయి. ముద్దాయిల వకీలు కూడా అంత నేర్పుగా రాయలేడు.

తర్వాత సంగతి మొదట చెప్పాను. వాళ్ళు అజాగ్రత్త ఒప్పుకున్నారు. కుటుంబాలున్నాయి, ఇది మొదటి తప్పు, సరదాగా చేసింది వికటించింది అని వాళ్ళ వకీలు చెప్పాడు. నలభై అయిదు నిమిషాలు పడింది. మాకు ముందు ఒక అమ్మాయి కేసు పిలిచారు. ఆఫీసులో పైవాడు వేధించాడట. ముద్దాయి రాలేదు, వాయిదా వేశారు. ఎన్నో వాయిదా అని అడిగితే ఆ అమ్మాయి లెక్క మర్చిపోయానంది. ఆమెకి చట్టంలో సెక్షన్లు ఉన్నాయి. తమ్ముడికి లేవు. ఇద్దరూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు.

తీర్పు వచ్చిన అయిదో నెలలో తమ్ముడికి పొట్ట ఉబ్బింది, వాంతులు పట్టుకున్నాయి. పాత ఆపరేషన్ల చోట పేగు అతుక్కుపోయి మెలికపడిందన్నారు. మళ్ళీ ఆపరేషను చేశారు. మూడో రోజు పోయాడు. మరణ పత్రంలో పేగు జబ్బు అని ఉంది. ఆ కాగితానికీ కోర్టు కాగితానికీ సంబంధం ఉందని చూడాల్సిన పని ఎవరికీ పడలేదు.

తమ్ముడు పోయిన నలభయ్యో రోజున చర్చిలో పెట్టిన ప్రార్థన అయిన వారానికి అన్నయ్య వచ్చాడు. ఈసారి మొహం గంభీరంగా ఉంది. మగవాళ్ళకి చట్టంలో అన్యాయం జరుగుతోందని కొందరు కలిసి ఒక సంఘం పెట్టారట. ఆయనకి అందులో పదవి. ఆయన ఫోను నుంచి రోజూ పొద్దున్నే వచ్చే మెసేజీలు అప్పటికే నాకు తెలుసు. దొంగ కేసులు, గయ్యాళి భార్యలు, మొగుడి కన్నీళ్ళు.

"మన తమ్ముడి సంగతి సభలో సెప్పాలి చెల్లెమ్మా. మగోడికి న్యాయం ఏదీ ఈ దేశంలో? నువ్వు రాత్తావు కదా, ఒక పేజీ రాసివ్వు. గుండె కరిగిపోవాలి."

"టైరు అన్నది నువ్వే కదా అన్నయ్యా."

"అప్పుడు నాకేటి తెలుసు! ఏదో నోరు జారినాను."

పేజీ రాసిచ్చాను. ఈసారి తమ్ముడు చెప్పిన మాటలే రాశాను. బల్ల, ప్యాంటు, పైపు, రెండు నెలలు వేసిన చేతులు. అన్నయ్య నిలబడే చదివి, కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇలాగ రాత్తే ఎలాగమ్మా? మర్యాదస్తులొత్తారు సభకి. కాస్త మెత్తగా రాయాల."

"మెత్తగా ఒకసారి రాశాను."

ఆయనకి అర్థం కాలేదు. సభకి రమ్మని మాత్రం చెప్పాడు. మద్దిలపాలెంలో ఒక హాలు. సుమారు అరవై మంది మగవాళ్ళు, ముందు వరసలో నలుగురైదుగురు భార్యలు. రెండు గంటలు భరణాల గురించి మాట్లాడారు. ఆడవాళ్ళ చట్టాలు రద్దు చెయ్యాలని చప్పట్లు కొట్టారు. మగవాడికి జరిగితే పట్టే సెక్షను ఒకటి కావాలని ఒక్కడూ అనలేదు. చివర్లో అన్నయ్య లేచి, "ఆటోనగర్‌లో మా తమ్ముడికి ఘోరమైన ప్రమాదం జరిగినాది" అన్నాడు. ఏం ప్రమాదమని ఎవరో అడిగారు. అన్నయ్య మైకు పక్కకి జరిపి, చేత్తో పంపు కొట్టినట్టు చూపించాడు. రెండు వరసలు నవ్వాయి. ఆయనా నవ్వాడు. పాపం, నవ్వు ఆపుకోవడం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు.

నేను వెళ్ళి మైకు తీసుకున్నాను. కాగితం నా సంచిలోనే ఉంది. నాకు సభల్లో మాట్లాడే అలవాటు లేదు, గొంతు చిన్నది, అందుకని నెమ్మదిగా చదివాను. సగంలో ఒకాయన, "ఆడోళ్ళున్నారమ్మా ఇక్కడ" అన్నాడు.

"నేనూ ఆడదాన్నే" అని మిగతాది చదివాను. తర్వాత కాగితంలో లేనిది ఇంకోటి చెప్పాను. "మా తమ్ముడిని పట్టుకున్నవాళ్ళలో ఆడది లేదు. ఆడవాళ్ళ కోసం రాసిన ఏ చట్టమూ అతనికి ఏ హానీ చెయ్యలేదు. పట్టుకున్నదీ, కేసు మెత్తబరిచినదీ, ఇప్పుడు నవ్వినదీ మగవాళ్ళే. అందరికంటే ముందు దాచిపెట్టింది మాత్రం నేను."

చప్పట్లు లేవు. కుర్చీలు జరిపిన చప్పుడు వచ్చింది. ఒక ముసలాయన చెప్పులు వేసుకుంటూ నావైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. బస్‌స్టాపు దాకా అన్నయ్య నా వెనకే వచ్చాడు.

"పోయినోడి పరువు నడివీధిలో పెట్టీసినావు."

"వాడు నాకు చెప్పిందే చెప్పాను. ఆలస్యంగా చెప్పాను."

"ఇంక నీ గుమ్మం తొక్కితే ఒట్టు."

గాజువాక బస్సు వచ్చింది, ఎక్కాను.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక అన్నయ్య మా ఇంటికి వచ్చి కాఫీ తాగేవాడు. ఇప్పుడు రావడం లేదు. నేను పిలవడం లేదు.