ఎలియాజరు లాప్‌టాప్, రెండు టీలు

నేను ఎనిమిదో తరగతి వరకు మా ఊరి బడిలో చదివినవాణ్ణి. ఆ చదువుతోనే రెండుసార్లు సర్పంచినయ్యాను, రెండోసారి పోటీ కూడా లేదు. చెరకు రైతుల సంఘాన్ని పదేళ్ళు నడిపాను. మా చుట్టుపక్కల మొదటి ట్రాక్టరు కొన్నది నేనే. ఉత్తమ రైతునని కలెక్టరు గారు స్వయంగా శాలువా కప్పారు. ఇవన్నీ ఒక పుస్తకంగా వేయించుకుందామని అనకాపల్లిలో ఎలియాజరు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. నా చరిత్ర రాయించుకోబోయిన నేను ఇప్పుడు అతని చరిత్ర రాస్తున్నాను. రాయదగ్గ మనిషి గనకే రాస్తున్నాను.

ఎలియాజరుది రోలుగుంట. టైపు లోయరూ హయ్యరూ ప్యాసై, పడుచు వయసులోనే అనకాపల్లి వచ్చాడు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట గొడుగు పాతుకుని, దాని కింద మిషను పెట్టుకుని దస్తావేజులు కొట్టేవాడు. కంప్యూటర్లు వచ్చాక నెహ్రూచౌక్ వెనక సందులో గది తీసుకుని, భార్య పేరు మీద 'కృపా డి.టి.పి.' అని బోర్డు పెట్టాడు. పెళ్ళికార్డులు, పెద్దకర్మ కార్డులు, క్రైస్తవుల్లో ఎవరైనా పోతే జరిపే ఆదరణ కూడిక కరపత్రాలు, చర్చి పాటల కాగితాలు, అన్నీ అక్కడే. అతను కొడుతుంటే కృపావతి పక్కన కూర్చుని తప్పులు లేకుండా పైకి చదివి సరిచూసేది. పిల్లలు కలగలేదు. ఆవిడ పోయాక ఇల్లు ఖాళీ చేసి షాపు వెనక గదిలోకే మారాడు. వంటా పడకా అక్కడే.

అతని పాత కంప్యూటరు సంగతి చెప్పాలి. మీట నొక్కగానే ముందు గురక మొదలుపెట్టేది. కాసేపటికి తెర నల్లగా, మరి కాసేపటికి నీలంగా మారేది. తర్వాత ఏదో ఆలోచనలో పడినట్టు ఆగిపోయేది. అది లేచేలోపు ఒక మనిషి కష్టసుఖాలన్నీ వినేయొచ్చు. అందుకే ఎలియాజరు మీట నొక్కుతూనే సందు అవతల బడ్డీలో ఉన్న తలుపులమ్మకి వేళ్ళు చూపించేవాడు. వచ్చినవాళ్ళు ఎందరైతే అన్ని వేళ్ళు, తనకోటి. టీ వచ్చేది, తాగేవారు, అప్పటికి కంప్యూటరు లేచేది. తెరకు అటూ ఇటూ రెండు ఇనుప కుర్చీలుండేవి. కార్డు వేయించుకునేవాళ్ళు వాటిలో కూర్చుని పేర్లు చెబుతుంటే అతను కొట్టేవాడు.

ఒకసారి తుమ్మపాల నుంచి అప్పలకొండమ్మ కొడుకు పెళ్ళికార్డుకి వచ్చింది. వెంట తమ్ముడు సన్యాసిరావు. కంప్యూటరు ఇంకా గురక పెడుతూనే ఉంది, ఆహ్వానించేవారిలో ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర తగువు మొదలైంది.

"మేనమామని! నా పేరు ఆఖర్న ఏత్తావేటి?" అన్నాడు సన్యాసిరావు.

"నీది పైన ఏత్తే మా బావగారు పెళ్ళికి రార్రా."

"రాకపోతే ఓ ఇస్తరి మిగులుద్ది."

"నోరు ముయ్యి! ఆయన ఇంటే పెళ్ళే ఆగిపోద్ది."

"కానివ్వండి, కానివ్వండి. మీ తగువు తేలిందాకా ఇదీ లేవదు," అన్నాడు ఎలియాజరు టీ చప్పరిస్తూ.

రెండు పేర్లూ ఒకే వరసలో పక్కపక్కన వేయమని తీర్పు చెప్పింది నేనే. పంచాయతీలు చేసిన అనుభవం ఊరికే పోతుందా? అయితే ఎడమ పక్క ఎవరు, కుడి పక్క ఎవరని మళ్ళీ మొదలైంది. ఇంకో విడత టీ వచ్చింది. ఆ రోజు ఎలియాజరు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకోవడం నాకు బాగా జ్ఞాపకం.

తర్వాత ఎదుట కొత్త డి.టి.పి. షాపు ఒకటి తెరిచారు. జనం అటు మళ్ళారు. విశాఖలో ఉద్యోగం చేసే మేనల్లుడు స్టాన్లీ ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి, లాప్‌టాప్ ఒకటి బల్ల మీద పెట్టాడు. తన స్నేహితుడిదట, చూపించడానికి తెచ్చాడు.

"ఎన్నాళ్ళు మావయ్యా ఈ డబ్బాతో? ఇది మూత తీసేలోపే ఆన్ అయిపోద్ది. ఇలాటిదే కొను."

ధర లక్ష దాటి ఉంది. ఎలియాజరు నోరు తెరిచి నా వైపు తిరిగాడు. చుట్టరికం లేకపోయినా మేం బావా అంటే బావా అనుకునేవాళ్ళం. "ముప్పైవేలకీ వత్తన్నాయి కదరా! బావా, నువ్వు సెప్పు. అంత పెట్టొచ్చా దీనికి?"

నన్నడగడం సబబే. ఎడ్లను, ట్రాక్టర్లను, చెరకు గానుగలను బేరం చేసినవాణ్ణి. చేతిలోకి తీసుకుని చూశాను. కంచుపళ్ళెం పాటి బరువు కూడా లేదు. ఒక్క వేలితో మూత ఎత్తితే అడుగుభాగం కదలలేదు. మీటలకు చప్పుడు లేదు. అక్షరాలు అచ్చులో పడ్డట్టే ఉన్నాయి.

"కొను బావా. కొంటే ఏడిపించని వస్తువు కొనాలి," అన్నాను.

ఆ మాట ఈనాటికీ వెనక్కి తీసుకోను. వస్తువు మంచిదే, పెట్టిన డబ్బుకి తగినదే. ఎలియాజరు అలాటిదే కొన్నాక పోయిన జనం తిరిగొచ్చారు. అంతకుముందు పూట పట్టే కార్డు చిటికెలో అయిపోతోంది. అందులో ఎలియాజరుకి నష్టమేమీ లేదు. పోయినది వేరే.

ఇప్పుడు వచ్చినవాళ్ళు కూర్చోవడం లేదు. పేర్లు ముందే ఫోనులో పంపించేస్తారు. వచ్చి అతని భుజం వెనక నిలబడి, తెర వంక వంగి చూసి, సరే అని వెళ్ళిపోతారు. ఇనుప కుర్చీల మీదకు కాగితాల కట్టలు చేరాయి. ఎలియాజరు చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ మనిషి గుమ్మం ఎక్కగానే తలుపులమ్మకి రెండు వేళ్ళు చూపిస్తుంది. టీ వచ్చేసరికి ఆ మనిషి ఉండడు. తనది తాగి, రెండోది చల్లారుతుంటే అదీ తనే తాగేవాడు.

"ఏటి బాబూ, రెండూ మీరే తాగేత్తన్నారు? సుగరు లేదేటి మీకు?" అంది తలుపులమ్మ ఒకరోజు.

"ఉంది. ఏటి సెయ్యను, మనుషులు నిలవట్లేదు."

"మీ మిషనే తరిమేత్తంది," అని గ్లాసులు తీసుకుని పోయింది.

ఆవిడ వెళ్ళాక ఎలియాజరు నాతో అన్నాడు: "నిన్న బోల్డుమంది వచ్చేరు బావా. 'ఎన్ని కాపీలు' అన్న మాట తప్ప నా నోట ఇంకోటి రాలేదు. సాయంత్రం ప్రార్థనకి నోరు తెరిత్తే గొంతు పెగల్లేదు. వాడక లేదు కదా."

"అమ్మేయి అయితే."

"అమ్మితే? పాతదాని ముందు ఎవరు కూకుంటారు? మళ్ళీ ఎదుట షాపుకి పోతారు."

నేను లాప్‌టాప్ మూత వేసి మళ్ళీ తీశాను. అది అప్పుడే లేచి కూర్చుంది.

ఆ మధ్యే అప్పలకొండమ్మ కూతురి పెళ్ళికార్డుకి వచ్చింది. గుమ్మంలో ఆవిడను చూడగానే ఎలియాజరు ముఖం వెలిగింది. కట్టలు దింపి, రెండు కుర్చీలూ తువ్వాలుతో తుడిచి, బడ్డీ వైపు నాలుగు వేళ్ళు ఎత్తాడు. ఆవిడకొకటి, తనకొకటి, నాకొకటి, వెనకాల వస్తున్నాడేమోనని సన్యాసిరావుకొకటి.

"కూసో అమ్మా. తమ్ముడేడీ?"

"ఆడెందుకు బాబూ? పేర్లన్నీ మా వాట్సాప్ గ్రూపులో పెట్టేసేం. అందరూ ఓకే అన్నారు. మీకూ పంపించేను సూడండి."

చూశాడు. బావగారి పేరు పైన ఉంది, సన్యాసిరావు పేరు కింద ఉంది. తగువేమీ లేదు. కార్డు తయారైపోయింది.

"అప్పుడే అయిపోనాదేటి! ఎంత మంచి మిషను కొన్నారు బాబూ!" అని మురిసిపోయింది. బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. కూర్చోకుండానే వెళ్ళిపోయింది.

తలుపులమ్మ నాలుగు టీలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎలియాజరు దింపిన కట్టలు మళ్ళీ కుర్చీల మీదకు చేర్చాడు. నేను ఒకటి తాగి, అడక్కుండానే రెండోదీ తీసుకున్నాను.

మళ్ళీ నా పుస్తకం పని మీద వెళ్ళేసరికి బల్ల మీద పాత కంప్యూటరు ఉంది. దుమ్ము తుడిచి, పాతచోటే పెట్టాడు. లాప్‌టాప్ ఓ మూలకి జరిగింది.

"ఇదేటి బావా? నా పుస్తకం కొత్తదాన్లోకి ఎక్కించేడు కదా స్టాన్లీ?"

"ఎక్కించేడు. అయినా దీన్లోనే కొడదాం. నీకు తొందరేటైనా ఉందేటి?"

నేను వెళితే ఆఫీసుల్లో గుమాస్తాలు లేచి నిలబడిన రోజులున్నాయి. ఎవరి కోసమూ కాచుకు కూర్చున్నవాణ్ణి కాను. కానీ ఇప్పుడు మా ఊరి పంచాయతీ అరుగు మీద నేను ట్రాక్టరు కథ మొదలుపెడితే, కుర్రాళ్ళు ఫోను మోగిందని ఒక్కొక్కరే లేచిపోతారు.

"తొందరేటీ లేదు," అని ఇనుప కుర్చీలో కూర్చున్నాను.

ఎలియాజరు ఇప్పుడు వచ్చిన ప్రతివాళ్ళనీ అడుగుతాడు, "తొందరా, తీరికా?" అని. తొందర అంటే లాప్‌టాప్, తీరిక అంటే పాతది. అందరూ తొందరే అంటారు. తీరిక అనేవాణ్ణి నేనొక్కణ్ణే.

నా పుస్తకం ట్రాక్టరు దాకా వచ్చింది. నిజానికి అక్కణ్ణుంచి రాయాల్సింది ఎంతో లేదు, శాలువాతో అయిపోతుంది. మొన్న బస్సులో వస్తూ దీన్ని గురించే ఆలోచించాను. షాపులోకి వెళ్ళి కూర్చుని అన్నాను:

"బావా, మా తాత సంగతి వదిలేసేం. ఆయనది ముందు పెట్టాలి. మళ్ళీ మొదటి పేజీ నుంచి కొట్టాలేమో."

ఎలియాజరు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "పెడదాం. మీ తాత పేరేటి?" అంటూ పాతదాని మీట నొక్కి, తలుపులమ్మకి రెండు వేళ్ళు చూపించాడు.