బొగ్గు ఎత్తిన లారీ

రిటైరయ్యాక నేను కొన్న ఒకే ఒక్క లారీ మొదట్లో బియ్యం బస్తాలు మాత్రమే మోసేది. ఒక వేసవిలో బ్రోకర్ల చుట్టూ ఎంత తిరిగినా లోడు దొరకలేదు. వరసగా తొమ్మిది రోజులు డైరీలో ‘లోడు లేదు’ అనే రాసుకున్నాను. పదో రోజు, ఊరికే నిలబెట్టడం కన్నా నయమని, పోర్టు నుంచి పరవాడ కరెంటు ప్లాంటుకు బొగ్గు వేయడానికి ఒప్పుకున్నాను. ఒక్క ట్రిప్పే అనుకున్నాను.

ఆ ట్రిప్పు వేసిన మర్నాడే కంచరపాలెం బ్రోకరు బియ్యం లోడు ఉందని ఫోన్ చేశాడు. నేనూ డ్రైవరూ మధ్యాహ్నం దాకా సబ్బునీళ్లతో లారీ బాడీ కడిగాం. బ్రోకరు వచ్చి పైకెక్కి, చెక్కల సందులో వేలు పెట్టి చూశాడు. వేలు నల్లబడింది.

“ఏటి బావా, బొగ్గు లారీకి తానం సేయించి పెళ్ళిసూపులకి తెచ్చినావేటి?” అన్నాడు డ్రైవరుతో.

“అడుగున టార్పాలిన్ పరిసెత్తాం బావా.”

“పరిస్తే బొగ్గు దాగుద్దేటి?” అని నావైపు తిరిగాడు. “బస్తాలకి మరకంటితే మిల్లోలు నన్ను తిడతారు బాబూ. నాను ఇవ్వలేను.”

మళ్లీ కడిగాం. ఈసారి అతను ఫోన్ ఎత్తలేదు. మిగతా బ్రోకర్లకూ సంగతి తెలిసిపోయింది. నాలుగో రోజు బొగ్గు కాంట్రాక్టరు ఫోన్ చేసి, రేపు బండి పెడతారా అని అడిగాడు. పెడితే చెక్కలు ఇంకా నల్లబడతాయని తెలుసు. పెడతానన్నాను.